బటన్ నొక్కడం హునర్ కాదు, బేటా

మా ఆపా కొడుకు పోయిన నెల హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకి వెళ్లి, కాచిగూడ నుంచి వచ్చే రైల్లో మెదక్ దిగి, ఇంటికి పోకుండా సీదా నా దగ్గరికి వచ్చాడు. మొహం చూస్తేనే హాల్ తెలిసిపోయింది. చాయ్ తాగేదాకా ఏమీ అడగలేదు నేను.

"మామూ, ఒక్క సవాల్ దగ్గర ఆగిపోయిన" అన్నాడు.

బీటెక్ అయింది. ఆ తర్వాత క్లౌడ్ కోర్సు అని అమీర్‌పేటలో ఆరు నెలలు. ఆ ఫీజు కోసం ఆపా తన రెండు గాజులు కుదవ పెట్టిన సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఇంటర్వ్యూలో వాణ్ణి అడిగింది ఇది: నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ని ఆపకుండా ఒక సర్వర్ మీంచి ఇంకో సర్వర్ మీదికి మారుస్తున్నావు. కాపీ జరుగుతుండగానే దాని మెమరీలో రాతలు మారుతూనే ఉంటాయి. ఏ పేజీలు మారాయో హైపర్‌వైజర్‌కి ఎలా తెలుస్తుంది?

"నువ్వేం చెప్పినవ్?"

"మైగ్రేట్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే చూసుకుంటది సార్ అన్న. ఆయన నవ్విండు."

సాయంత్రం ఆపా ఇంట్లో దీని మీద పంచాయితీ నడిచింది. ఒకరు పేరు చూసి తీసేశారన్నారు, ఇంకొకరు గడ్డం చూసి అన్నారు. ఆ వివక్ష లేదని నేను అనను. ఇరవై ఏళ్ల జర్నలిజంలో దాని మీద నేనే ఎన్నోసార్లు రాశాను, రేపు కూడా రాస్తాను. కానీ ఈసారి కుర్రాడే తలెత్తి "నై అమ్మీ, నాకు జవాబు రాలే" అన్నాడు. అందరూ చుప్. ఆ ఒక్క మాటకి వాడి మీద నా ఇజ్జత్ పెరిగింది. ఈ వ్యాసం కూడా ఆ మాట వల్లే రాస్తున్నాను.

నేను ఇంజనీర్‌ని కాను. ఉర్దూ మీడియంలో బడి, తెలుగులో డిగ్రీ. అయినా ఒక విషయం అర్థమయ్యేదాకా అదే సవాల్ పదిమందిని అడగడం నా పేషా. నాలుగు వారాలు అడిగాను, చదివాను, కుర్రాడితో కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఆ సవాల్‌కి జవాబు నాకు ఏడో తరగతిలోనే తెలుసు. మా అబ్బా కిరాణా దుకాన్‌లో.

1990ల మొదట్లో అన్నమాట. మా దుకాన్ పెంకులు కారి, వానాకాలంలో ఉద్దెర ఖాతా బుక్కు తడిసింది. ఆరబెట్టినా వరకులు పిండి పిండి అవుతున్నాయి. రెండు వందల సఫాలు, సఫాకి ఒక ఖాందాన్. అబ్బా ఉర్దూలో రాసేవారు కాబట్టి, బజార్‌లో కొన్న రిజిస్టర్‌ని వెనక అట్ట నుంచి మొదలుపెట్టేవారు. రంజాన్ వచ్చింది, జకాత్ హిసాబ్ తీయాలి, బుక్కేమో చేతిలో ఉండేట్టు లేదు. కొత్త బుక్కులోకి నక్కల్ చేయమని నాకు చెప్పారు. దుకాన్ మాత్రం మూసేది లేదు. రంజాన్‌లో దుకాన్ మూసుకునే పిచ్చివాడెవడు?

ఇక్కడే చిక్కు. నేను పదో సఫా నక్కల్ చేస్తుంటే, రెండో సఫా వాళ్లు వచ్చి కిలో చక్కెర ఉద్దెర పట్టుకుపోతారు. పాత బుక్కులో అబ్బా రాస్తారు. నేను అప్పటికే రాసేసిన కొత్త బుక్కు రెండో సఫా తప్పయిపోతుంది. అయితే ఏం చేయాలి? రోజూ మొదటి నుంచి రెండు వందల సఫాలూ పోల్చి చూడాలా?

అబ్బా చెప్పిన తరీఖా ఇది. ఒక పలక మీద రెండు వందల గడులు గీయి. నక్కల్ అయిన ప్రతి సఫాలో ఒక కాగితం చీటీ పెట్టు. "నేను రాయడానికి తీసినప్పుడు చీటీ కనిపిస్తే తీసి నీకిస్త. నువ్వు పలక మీద ఆ నంబర్ గడిలో గీత పెట్టు. ఆ తర్వాత ఆ సఫాల ఎన్నిసార్లు రాసినా నిన్ను పిలవను, గీత ఒకటి ఉంది గదా." మొత్తం ఒక రౌండ్ అయ్యాక గీతలున్న సఫాలు మాత్రమే మళ్లీ చూడాలి. రెండో రౌండ్‌లో నలభై, మూడో రౌండ్‌లో ఏడెనిమిది. ఆఖరికి ఒక మధ్యాహ్నం అయిదు నిమిషాలు షటర్ దించి, మిగిలిన రెండు మూడు సఫాలు రాసేసి, పాత బుక్కు అటక మీద పెట్టి, కొత్తదాంతో షటర్ ఎత్తారు. గిరాకీకి ఏమీ తెలియలేదు.

హైపర్‌వైజర్ చేసేది అచ్చంగా ఇదే. వర్చువల్ మెషీన్ అంటే ఒక పెద్ద మకాన్‌లో కిరాయిదారు అనుకోండి, ఆ కిరాయిదారు మాత్రం మకాన్ మొత్తం తనదే అనుకుంటాడు. హైపర్‌వైజర్ ఆ మకాన్ ముంతజిమ్. కింద ఉన్న అసలు సర్వర్‌కి మరమ్మతు కావాలంటే, కిరాయిదారు నిద్ర లేవకుండానే వాణ్ణి సామాన్‌తో సహా ఇంకో మకాన్‌లోకి మార్చాలి. సామాన్ అంటే మెమరీ. దాన్ని 4 కిలోబైట్ల పేజీలుగా లెక్కపెడతారు. 16 జీబీ మెమరీ అంటే 41,94,304 పేజీలు. పేజీకి ఒక బిట్ చొప్పున పలక గీస్తే, ఆ పలక మొత్తం 512 కిలోబైట్లు. ఇంత పెద్ద ఖాతాకి అంత చిన్న పలక! దాన్నే డర్టీ బిట్‌మ్యాప్ అంటారు. చీటీ పెట్టడం అంటే ఆ పేజీలో రాయడానికి ఇజాజత్ తీసేయడం. మెషీన్ అందులో రాయబోతే ప్రాసెసర్ ఆగి హైపర్‌వైజర్‌ని పిలుస్తుంది. అది గీత పెట్టి, ఇజాజత్ ఇచ్చి, "రాసుకో" అంటుంది.

ఇప్పుడు నా గలతీ చెప్పాలి. దీంట్లో అసలు ఇల్మ్ అక్కడే ఉంది.

ఒక రోజు ఇఫ్తార్ ముందు దుకాన్ కిటకిటలాడుతోంది. 61వ సఫాకి పలక మీద గీత ఉంది. నేను ఆ సఫా చూసి కొత్త బుక్కులో సరిచేశాను. ఈలోగా అబ్బా పాత బుక్కు గుంజుకుని అదే సఫాలో ఇంకో వరస రాశారు. చీటీ ముందే తీసేసి ఉంది కాబట్టి నన్ను పిలవలేదు. నేను, పని అయిపోయిందనుకుని, పలక మీద గీత తుడిచేశాను. అంతే. ఆ వరస గాయబ్. పలక సాఫ్‌గా ఉంది, కొత్త బుక్కు సాఫ్‌గా ఉంది, హిసాబ్ మాత్రం తప్పు. చూసినవాడెవడికీ అనుమానం కూడా రాదు.

రంజాన్ పండగ అయిన వారానికి బీడీలు చుట్టే ఒక అమ్మ వచ్చి బాకీ అడిగింది. అబ్బా కొత్త బుక్కు చూసి చెప్పారు. ఆమె వేళ్ల మీద లెక్కేసుకుని, "గా దినం బెల్లం కొంటబోయిన గదా సేటూ, అది రాయలేదు నువ్వు" అంది. తనకి నష్టమయ్యే లెక్కని తానే చెప్పింది. అటక మీంచి పాత బుక్కు దించి చూస్తే ఉంది ఆ వరస. అబ్బా నన్ను కొట్టలేదు. పలక తెచ్చి ముందు పెట్టి అడిగారు: "ముందు నక్కల్ చేసి తర్వాత గీత తుడిచినవా?" అవునన్నాను. "ఉల్టా చెయ్. ముందు గీత తుడువు, చీటీ మళ్లీ పెట్టు, అప్పుడు నక్కల్ మొదలుపెట్టు. మధ్యల నేను రాస్తే చీటీ నీ చేతికొస్తది. మహా అయితే ఒక సఫా రెండుసార్లు రాస్తవ్. రెండుసార్లు రాస్తే చెయ్యి నొస్తది. ఒకసారి తప్పితే అమానత్ పోతది."

హైపర్‌వైజర్లలో కూడా వరస ఇదే. ముందు పలకని చదివి తుడుస్తారు, పేజీలకి మళ్లీ కాపలా పెడతారు, ఆ తర్వాతే కాపీ. ఈ వరస తారుమారైతే మెషీన్ పడిపోదు, ఎర్ర అక్షరాలూ రావు. కొత్త సర్వర్ మీద హాయిగా నడుస్తూ ఉంటుంది, లోపల ఎక్కడో ఒక పేజీ పాతదే ఉండిపోతుంది. అది బ్యాంక్ మెషీన్ అయితే? దవాఖానా రిపోర్టులున్న మెషీన్ అయితే? బాకీ తనే చెప్పే బీడీల అమ్మ అక్కడ ఎవరూ ఉండరు.

ఈ నడుస్తుండగా మార్చే హునర్ మరీ పాతదేం కాదు. వీఎంవేర్ 2003లో వీమోషన్ పేరుతో తెచ్చింది. 2005లో కేంబ్రిడ్జ్‌లోని జెన్ బృందం వాళ్లు ఒక పరిశోధనా పత్రం రాశారు. అందులో క్వేక్ 3 అనే ఆట సర్వర్‌ని, మనుషులు ఆడుతుండగానే, 60 మిల్లీసెకన్ల ఆగుడుతో మార్చి చూపించారు. కన్ను మూసి తెరిచేంత సేపు కూడా కాదది. లినక్స్‌లో కేవీఎం 2007లో వచ్చింది. దాని కోడ్ మొత్తం ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, ముఫ్త్.

రౌండ్ల హిసాబ్ కూడా పిల్లలకి వేసి చూపించండి, అయిదో తరగతి లెక్కే. తీగ సెకనుకి 1.25 జీబీ మోస్తుంది అనుకుందాం, అంటే పది గిగాబిట్ల తీగ. 16 జీబీకి దాదాపు 13 సెకన్లు. మెషీన్ సెకనుకి పావు జీబీ పేజీలు మారుస్తుంటే, ఆ 13 సెకన్లలో మూడుంపావు జీబీ మారతాయి. వాటిని మోయడానికి రెండున్నర సెకన్ల పైచిలుకు. ఆలోగా 0.65 జీబీ. అది అరసెకను. ఇలా ప్రతి రౌండ్‌కీ అయిదో వంతుకి దిగుతుంది, ఆఖర్న ఒక్క క్షణం షటర్ దించితే చాలు. కానీ మెషీన్ సెకనుకి రెండు జీబీ మారుస్తుంటే? తీగ మోసేదానికంటే రాసేదే ఎక్కువ. చాంద్ రాత్ నాడు మా దుకాన్‌లో ఖాతా నక్కల్ చేసినట్టే, ఖయామత్ దాకా పూర్తి కాదు.

అప్పుడు మూడు దార్లున్నాయి. ఎక్కువసేపు షటర్ దించడం ఒకటి. రెండోది పోస్ట్‌కాపీ, ముందే కొత్త దుకాన్‌లోకి వెళ్లిపోయి, ఎవరి సఫా అడిగితే వాళ్ల సఫా పాత దుకాన్ నుంచి తెప్పించుకోవడం. బాగానే ఉంటుంది గానీ మధ్యలో పాత దుకాన్ కాలిపోతే రెండు బుక్కులూ అధూరావే. మూడోది గిరాకీని నెమ్మదిగా నడపడం, "జరా ఠైరో భాయ్" అని. క్యూఈఎంయూలో ఆటో కన్వర్జ్ అనేది ఇదే చేస్తుంది, మెషీన్ మొత్తాన్ని నెమ్మదింపజేస్తుంది. నాకు నచ్చనిది ఇదే. ధర అడగడానికి వచ్చినవాణ్ణీ, ఉద్దెర మీద ఉద్దెర రాయించేవాణ్ణీ ఒకే లైన్‌లో ఆపడం ఏం ఇన్సాఫ్? ఈ మాట నాకొక్కడికే తట్టలేదు. ఎక్కువ రాసే ప్రాసెసర్‌నే పట్టి ఆపి, ఊరికే చదువుకునేవాటిని వదిలేసే డర్టీ లిమిట్ అనే తరీఖా తర్వాత క్యూఈఎంయూలోకి వచ్చింది. మెషీన్‌లోకి కూడా ఇన్సాఫ్ ఆలస్యంగానే వస్తుందన్నమాట, కోర్టుల్లాగే.

పలకకి కూడా ఒక ఐబ్ ఉంది. మూడే సఫాలు మారినా, నేను రెండు వందల గడులూ వెతకాలి. 41 లక్షల గడులైతే? అందుకని గడుల బదులు ఫెహ్రిస్త్ రాసే పద్ధతులొచ్చాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో పేజ్ మాడిఫికేషన్ లాగింగ్ అని ఉంది. రాసినప్పుడల్లా హైపర్‌వైజర్‌ని పిలవకుండా, మారిన పేజీ చిరునామాని ప్రాసెసరే ఒక జాబితాలో వేసుకుంటుంది. 512 చిరునామాలు నిండితే అప్పుడు ఆగి పిలుస్తుంది. 2021లో లినక్స్ 5.11తో కేవీఎంలోకి డర్టీ రింగ్ వచ్చింది, అదీ ఫెహ్రిస్తే, ఒక్కో వర్చువల్ ప్రాసెసర్‌కి ఒక్కోటి. ఇంకో మాట. అబ్బా చూడకుండా రాత్రి చాచా గోదాంలోంచి వచ్చి ఖాతాలో రాసిపోతే చీటీ ఎవరిస్తారు? నెట్‌వర్క్ కార్డ్ లాంటివి ప్రాసెసర్‌ని అడగకుండా సీదా మెమరీలో రాసే ఏర్పాటు ఉంటే అదే తకలీఫ్, దానికి వేరే కాపలా కావాలి. ఇది ఇంటర్వ్యూలో చెబితే ఎదుటివాడు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడని ఒక పెద్ద కంపెనీలో పనిచేసే దోస్త్ చెప్పాడు.

ఆ డర్టీ అనే పేరుతో నాకు కొంచెం పేచీ ఉంది. మన ఇళ్లల్లో పాక్, నాపాక్ అనే మాటలు తూచి వాడతాం. ఉర్దూలో మైలా అన్నా, తెలుగులో మైల అన్నా కడుక్కోవాల్సిందే. ఈ పేజీకి మాత్రం ఏం పాపం? దాని మీద రాత పడింది, ఆ ఖబర్ కొత్త బుక్కుకి ఇంకా చేరలేదు, అంతే. నిజానికి అదే అన్నింటికంటే తాజా సఫా, పాతబడింది అవతలి నక్కల్. నేనైతే "చెయ్యి పడ్డ సఫా" అంటాను. కుర్రాడు నవ్వి, ఇంటర్వ్యూలో అట్లా అనను మామూ అన్నాడు. అనొద్దులే. కానీ బుర్రలో ఆ మాట పెట్టుకుంటే, డర్టీ అన్న పదం విన్నప్పుడు చెత్త గుర్తురాదు, రాత గుర్తొస్తుంది.

తల్లిదండ్రులకి నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డేటా సెంటర్ల రీజియన్ పెడతామని ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో అమెజాన్ వాళ్ల హైదరాబాద్ రీజియన్ మొదలైంది. ఇలాంటి చోట్ల లక్షల వర్చువల్ మెషీన్లు నడవాలి, మారాలి, మరమ్మతులు కావాలి. వంద కిలోమీటర్ల దూరంలో మన పిల్లలు బటన్ల పేర్లు కంఠస్థం చేస్తున్నారు. కోర్సులు కూడా అలాగే ఉన్నాయి, ఏ మెనూలో ఏముందో ఆరు నెలలు చెబుతారు. మెనూ వచ్చే ఏడు మారిపోతుంది. చీటీ, పలక, ఫెహ్రిస్త్ మారవు. మనం కూడా తక్కువ తినలేదు. ఫీజు ఎంత, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీయా అని అడుగుతాం. లోపల ఏం జరుగుతుందో చెబుతారా అని అడిగిన బాప్ నాకు ఇంతవరకూ కనిపించలేదు. ఆ ఒక్క సవాల్ అడగండి, గాజులు కుదవ పెట్టకముందే.

"ఇవన్నీ ఇంగ్లీష్ సంగతులు, మనకెక్కడ" అనేవాళ్లకి ఒక మాట. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు చదువు ఉర్దూలో. పుస్తకాల కోసం అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టారు. తర్వాత డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఆ జబాన్‌లోనే చెప్పారు. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు, ఇంగ్లీష్ లేకుండా ఇంటర్వ్యూ గదిలోకి కూడా పోలేం. కానీ అర్థం కావడం ఒకటి, అనువాదం ఒకటి. ముందు ఇంటి మాటలో అర్థమైతే, ఇంగ్లీష్ మాట దాని మీద టోపీలా కూర్చుంటుంది. టోపీ ముందు కొని తల తర్వాత వెతుకుతున్నాం మనం.

మా కుర్రాడు ఏం చేశాడంటే, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, అందులోనే రెండు క్యూఈఎంయూలు నడిపి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చిన్న మెషీన్‌ని మార్చాడు. ఖర్చు ఏమీ లేదు, కరెంటు తప్ప. మార్పు జరుగుతుండగా ఇంకా ఎంత మిగిలిందో, ఎంత జోరుగా పేజీలు మారుతున్నాయో తెర మీద అంకెలు కనిపిస్తాయి. ఆ తర్వాత లోపల ఊరికే మెమరీ అంతా రాస్తూ పోయే చిన్న ప్రోగ్రాం పెట్టాడు. మిగిలిన అంకె తగ్గుతుంది, పెరుగుతుంది, తగ్గుతుంది, సున్నా కాదు. "మామూ, చాంద్ రాత్!" అని అరిచాడు. ఇషా నమాజ్ అయి చాలాసేపయింది అప్పటికి. ఆపా లోపల్నుంచి ఏమైందని గాభరాగా వచ్చింది.

మన మొహల్లాలో ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లలు, అందులో ఒక అమ్మాయి, ఇప్పుడు ఆదివారాలు వాడి దగ్గర కూర్చుంటున్నారు. మొన్న ఆ అమ్మాయి అడిగింది, పేజీలో ఒక్క అక్షరం మారినా నాలుగు కిలోబైట్లూ మళ్లీ పంపాలా అని. పంపాలి. అదే 2 మెగాబైట్ల పెద్ద పేజీలుగా లెక్కపెడితే ఒక్క అక్షరానికి రెండు మెగాబైట్లూ మోయాలి. అందుకే కేవీఎం మార్పు మొదలయ్యాక పెద్ద పేజీల్ని చిన్నవిగా చీల్చి లెక్కపెడుతుంది. ఈ జవాబు కుర్రాడికి అప్పటికప్పుడు రాలేదు. ఇద్దరూ కలిసి వెతికారు.

నౌకరీ ఇంకా రాలేదు. వచ్చే సోమవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, "ముందు గీత తుడవాలా, ముందు నక్కల్ చేయాలా?" అన్నాను.

"మామూ, ఇది పదోసారి అడగడం" అన్నాడు.

"జవాబు చెప్పు."

"ముందు తుడవాలి. చీటీ పెట్టాలి. అప్పుడు నక్కల్."

సరే పడుకో అన్నాను.